సక్కుబాయి పదకొండు పుస్తకాలు

దసరా వెళ్లిన మూడోనాడు సక్కుబాయి కొండాపూర్ గుట్ట మీద ఎడమకాలు విరగ్గొట్టుకుంది. పెద్దగుండుకు ఆనుకుని పెరిగిన సీతాఫలం చెట్టు కొనన కళ్లు తెరిచిన కాయలు నాలుగు కనబడ్డాయి. "అవి మనకందవు తియ్యి, పా పోదాం" అంది వెంట వచ్చిన పక్కింటి సత్తెమ్మ. ఆ మాట అనకపోతే సక్కుబాయి గుండు ఎక్కేదే కాదు. ఎక్కింది, కాయలు తెంపింది, ఒడిలో వేసుకుంది, దిగేటప్పుడు జారింది. నలుగురు మోసుకొచ్చి ఇంట్లో మంచం మీద పడుకోబెట్టేదాకా ఒడి మాత్రం వదల్లేదు.

అది పందొమ్మిది వందల నలభై ఏడు. కొండాపూర్ అంటే నల్లటి గుండ్లు, వాటి సందుల్లో జొన్నచేలు, యాభై గడపలు. అందులో ఎనిమిది మగ్గాలవాళ్ల ఇళ్లు. సక్కుబాయి మొగుడు సాయిలు చీరలు నేసేవాడు. ఆమె నూలు తోడి కండెలు చుట్టి మగ్గానికి అందించేది. ముప్పై దాటిన మనిషి. పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే "నాకు లేని ఫికరు నీకెందుకు?" అనేది. దాంతో రెండోసారి ఎవరూ ఎత్తేవారు కాదు.

నల్లగండ్ల నుంచి ఎముకలు కట్టే ముసలాయన వచ్చాడు. మినపపిండిలో కోడిగుడ్డు సొన కలిపి పట్టువేసి, చుట్టూ వెదురుబద్దలు పెట్టి గట్టిగా కట్టాడు. "నెల దాక కాలు కింద పెట్టినవంటే నాది జిమ్మేదారి కాదు బిడ్డా" అని చెప్పి పోయాడు.

రోజంతా కాళ్లాడితేనే ఊపిరాడే మనిషికి నెలరోజులు మంచం అంటే జైలే. ఇంటి పని అత్త కిష్టమ్మ మీద పడింది. ఆమె చేతిలో గిన్నెల చప్పుడు కాస్త పెరిగింది. మూడు రోజులు సక్కుబాయి ఇంటి దూలాలు లెక్కపెట్టింది. నాలుగోనాడు తమ్ముడు మొగిలి నెత్తిన గోనెసంచితో వచ్చాడు.

మొగిలి లింగంపల్లి స్టేషన్లో హమాలీ. అక్కడ బెజవాడ వైపు నుంచి వచ్చిన గుమాస్తా బాబు ఒకాయన ఉండేవాడు. ఆ ఆగస్టులో దేశానికి స్వతంత్రం వచ్చింది, హైదరాబాదు సంస్థానానికి మాత్రం రాలేదు. రోజులు బాగాలేవని, ఏ పూట ఏమవుతుందో తెలియదని ఆ బాబు పెళ్లాం పిల్లలను తీసుకుని సొంత ఊరికి బయలుదేరాడు. సామాను కట్టేటప్పుడు ఈ సంచి మిగిలింది. "ఇవన్నీ మోసుకెళ్లి ఏం చేస్తానోయ్, నీళ్లపొయ్యిలో పెట్టుకో" అన్నాడట.

"పొయ్యిల ఎందుకు పెడ్తనక్కా" అన్నాడు మొగిలి. "నువ్వు బెల్లం పొట్లం కాయితం సుత సదివేదానివి కదా."

నిజమే. సక్కుబాయి తండ్రి సాయంత్రాలు మగ్గం దిగాక నలుగురినీ కూర్చోబెట్టి రామాయణం చదివేవాడు. కొడుకు చాలా ఆలస్యంగా పుట్టాడు. అంతదాకా అక్షరాలు నేర్పడానికి ఆయనకు దొరికింది కూతురే. ఇసుక మీద ఓనమాలు దిద్దించాడు. పెళ్లయి కొండాపూర్ వచ్చాక ఆమెకు చదవడానికి పొట్లాల కాగితాలు, అగ్గిపెట్టెల మీది బొమ్మల కింది మాటలు తప్ప ఏమీ దొరకలేదు. ఆ ఇంట్లో పుస్తకమన్నదే లేదు.

సంచి విప్పితే పదకొండు పుస్తకాలు. పలచటి అట్టలు. అట్ట మీద పిస్తోలు పట్టిన చెయ్యి, కిటికీలోంచి తొంగిచూసే మొహం, నోరు తెరిచి అరుస్తున్న ఆడమనిషి. అన్నీ డిటెక్టివ్ నవలలే.

మొదటి పుస్తకం పూర్తిచెయ్యడానికి ఆమెకు అయిదు రోజులు పట్టింది. ఒత్తుల దగ్గర ఆగి, గుణింతాలు పెదాలతో పలుక్కుంటూ, వేలు కింద పెట్టి చదివింది. మద్రాసులో ఒక బంగళా, అందులో ఒక శవం, తలుపు దగ్గర బురద పాదాల గుర్తులు. మధ్యలో ఉండగా కిష్టమ్మ గంజి తెచ్చి పెడితే, అది చల్లారి మీగడ కట్టింది. రెండో పుస్తకం మూడు రోజుల్లో అయింది. మూడోది రెండు పూటల్లో అయిపోయింది. చదువు కూడా కాళ్లలాంటిదేనని, నడిపిస్తే నడుస్తుందని ఆమెకు అర్థమైంది.

నాలుగో పుస్తకం ఒంటరిగా చదవలేకపోయింది. పరామర్శకు వచ్చిన సత్తెమ్మను మంచం పట్టె మీద కూర్చోబెట్టి "జర ఇను" అని మొదలుపెట్టింది. మర్నాడు మధ్యాహ్నం సత్తెమ్మ మరో ఇద్దరిని వెంట తెచ్చింది. వారం తిరిగేసరికి రాట్నాలు, నూలు చిలపలు సహా పదిహేను మంది ఆడవాళ్లు పగలు అన్నాలయ్యాక సాయిలు ఇంటి పంచలో, ఆమె మంచం చుట్టూ కూర్చునేవారు. చేతులు కండెలు చుట్టేవి, చెవులు మద్రాసులో ఉండేవి.

"టెలిఫోన్ అంటే ఏందే?" అని ఒకామె అడిగింది.

"తీగెల నుంచి మాట్లాడేది."

"ఆ తీగె తెంపితే సరిపాయె, ఖూనీకోరు దొరకడు" అంది సత్తెమ్మ. రెండు పేజీల తర్వాత పుస్తకంలో దొంగ అచ్చం అదే పని చేశాడు. ఆడవాళ్లంతా సత్తెమ్మ వంక అదోలా చూశారు.

కిష్టమ్మకు ఒక చెవి వినబడదు. ఖూనీల కథలు ఇంట్లో చదివితే అరిష్టమని మొదట్లో గొణిగింది. తర్వాత తర్వాత వినబడే చెవి మంచం వైపు ఉండేలా గోడకు ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరైనా మధ్యలో మాట్లాడితే "నోరు ముయ్యిండ్రే, వాడు కిటికీ దుంకుతున్నడు" అని కసిరేది.

ఒప్పుకోనిది రామచంద్రం ఒక్కడే. సాయిలుకు అన్న, మగ్గాలవాళ్లకు పెద్ద. ఒకే వాకిలికి అటువైపు ఆయన ఇల్లు, ఇటువైపు తమ్ముడి ఇల్లు. ఒక మధ్యాహ్నం వాకిట్లో నిలబడి తమ్ముణ్ని పిలిచినట్టు పిలిచి, ఆడవాళ్లందరికీ వినబడేలా అన్నాడు.

"సాయిలూ! రామాయణం సదువుకుంటరా, నేనే పీట ఏసి కూసోబెడ్త. ఈ ఖూనీలేంది, ఈ లంగతనాలేంది? రేపటికెల్లి బంద్ జేయమను."

ఆ ఇళ్లలో మొగుడి అన్నతో మరదలు ఎదురుగా మాట్లాడదు. కొంగు నెత్తిన వేసుకుని తలుపు చాటు నుంచి ఎవరితోనో చెప్పించాలి. పన్నెండేళ్లుగా సక్కుబాయి అలాగే చేసింది. ఆ రోజు సాయిలు నోరు తెరిచేలోపే మంచం మీంచి ఆమె గొంతు వచ్చింది.

"బంద్ జెయ్య బావా."

పంచలో రాట్నాలు ఆగిపోయాయి.

"మా నాయన రామాయణం సదివిండు, నేను ఇన్న. అది నాకు నోటికొచ్చు. ఇవి రావు, గందుకే సదువుతున్న. నీకు నచ్చకుంటె ఆ దర్వాజ ఏసుకో."

రామచంద్రం తమ్ముడి వంక చూసి, వెళ్లిపోయాడు. సాయిలు మగ్గం గుంటలోకి దిగి, తల ఎత్తకుండా నేత మొదలుపెట్టాడు. మెత్తని మనిషి, అన్న మాట ఎన్నడూ జవదాటలేదు. కానీ ఆ రాత్రి పడుకోబోతూ "ఆ తీగె తెంపినోడు ఎవ్వడే?" అని పెళ్లాన్ని మెల్లగా అడిగాడు.

రామచంద్రం మాటతో జనం తగ్గుతారని ఆమె అనుకుంది. ఇద్దరు ముగ్గురు మానేశారు, అయిదుగురు కొత్తగా వచ్చారు. పుస్తకాలను మాత్రం పంచలో వదలడం మంచిది కాదని, చదవడం అయ్యాక సంచిలో పెట్టి వడ్లగుమ్మి వెనుక దాచమని అత్తకు చెప్పింది.

కార్తీకం మొదట్లో ఒక ఉదయం ఇద్దరు జవాన్లు వచ్చారు. ఊరి పోలీసు పటేలు వాళ్ల వెనుక నిలబడ్డాడు. ఈ ఇంట్లో రోజూ జనం జమావు అవుతున్నారని, సర్కారుకు వ్యతిరేకమైన పుస్తకాలు చదివిస్తున్నారని ఎవరో ఠాణాకు ఇత్తిలా చేశారట. బెజవాడ వైపు నుంచి వచ్చిన అచ్చుకాగితమంటే చాలు, ఆ రోజుల్లో పోలీసులకు అందులో బాంబులే కనబడేవి. జవాను ఒకడు ఇల్లంతా ఒక్కసారి చూసి, నేరుగా గుమ్మి వెనక్కి పోయి సంచి లాగాడు. సక్కుబాయి దిండు కింద ఉన్న పుస్తకం కూడా తీసుకున్నాడు. అది పదో పుస్తకం. పాడుబడిన కోట, నూతిలో మెట్లు, డిటెక్టివ్ చేతిలో దివిటీతో ఏడో మెట్టు దిగాడు. ఎనిమిదో మెట్టు మీద ఏముందో చదివేలోపు జవాను చెయ్యి వచ్చింది.

ఎడ్లబండి మీద సంచి వేసుకుని వాళ్లు పోయారు. కిష్టమ్మ చెమటలు తుడుచుకుంది. సాయిలు "పీడ పోయింది, మనిషిని తీస్కపోలే, అదే చాలు" అన్నాడు.

సక్కుబాయి గుమ్మి వంకే చూస్తోంది. ఆ జవాను అటక ఎక్కలేదు. పెట్టె తెరవలేదు. కుండలు కదపలేదు. గడప దాటి గుమ్మి దగ్గరికే పోయాడు. సంచి అక్కడుందని తెలిసింది తనకూ, అత్తకూ, సాయిలుకూ. మొన్న వడ్లు కొలుచుకుపోవడానికి గుమ్మి దగ్గరికి వచ్చింది ఇంకొక్క మనిషి.

"అత్తా, బావేనే చెప్పింది" అంది.

కిష్టమ్మ కాదనలేదు. "వాడు భయస్తుడు బిడ్డా, చిన్నప్పటికెల్లి అంతే" అంది.

"భయమైతే నాతోని చెప్పాలె. సరే, గది తర్వాత చూద్దం. సాయిలూ, బండి కట్టు."

ఊళ్లో ఆడవాళ్లు మొగుణ్ని పేరుపెట్టి పిలవరు. ఆవేశంలో పిలిచానని ఆమె గానీ, పిలిపించుకున్నానని అతను గానీ గమనించలేదు.

"యేడికి?"

"ఠాణాకు."

"నీకు పిచ్చా? కాలు కంటె నీకు పుస్తకాలే ఎక్కువనా?"

"ఎక్కువనే. నువ్వు కట్టకుంటె ఆ గోడ పట్టుకోని నడుచుకుంట పోత."

ఆమె నిజంగానే మంచం దిగి ఒంటికాలి మీద నిలబడింది. సాయిలు సత్తెమ్మ వాళ్ల బండి అడిగి తెచ్చాడు. గడ్డి పరిచి, కాలు కింద చిలపల మూట పెట్టి పడుకోబెట్టారు. కిష్టమ్మ పిలవకుండానే ఎక్కి పక్కన కూర్చుంది. రెండు కోసుల దూరం. బండి గతుకులో పడ్డప్పుడల్లా సక్కుబాయి పళ్లు కొరుక్కుంది గానీ ఒక్కసారి కూడా ఆపమనలేదు.

ఠాణాకు పెద్ద అయిన అమీన్ సాబు వరండాలో కుర్చీ వేసుకుని, చిన్న చాకుతో జామకాయ చెక్కుకుంటున్నాడు. బల్ల మీద తన సంచి ఆమెకు కనబడింది. కాలికి వెదురు బద్దలతో ఒక ఆడమనిషి, ఆమెకు భుజం ఇచ్చి ఒక ముసలమ్మ, వెనుక తలగుడ్డ చేత పట్టుకుని ఒక నేతపనివాడు. ఆయన చాకు ఆపాడు.

"క్యా హై? ఎవరు మీరు?"

"ఆ పుస్తకాలు నావి సాబ్. తీస్కపోనీకొచ్చిన."

అమీన్ సాబుకు నవ్వొచ్చింది. ఠాణాకు పిలిచినా రాని జనాన్నే ఆయన ఇంతకాలం చూశాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. చదివే మున్షీ సెలవు మీద ఉన్నాడు.

"ఇవి ఏం కితాబులు? కాంగ్రెసోళ్లవా, కమ్యూనిస్టులవా?"

"ఖూనీలవి సాబ్."

"ఏందీ?"

"ఖూనీలవి. ఒకడు ఖూనీ చేస్తడు, మీ అసుంటాయన ఒకాయనొచ్చి పట్టుకుంటడు. అన్నిట్ల పోలీసే గెలుస్తడు. మీరు గెలిచే పుస్తకాలు మీరే జప్తు జేస్తే ఎట్ల సాబ్?"

"ఝూట్. అట్ట మీద ఖూనీ, లోపల ఇంక్విలాబ్. అట్లాంటివి మస్తు చూసిన."

"ఒకటి సదివి ఇనిపిస్త. ఇంక్విలాబ్ దొరికితే నన్ను లోపలెయ్యిండ్రి."

ఆయన సంచిలోంచి చేతికి వచ్చిన పుస్తకం తీసి ఇచ్చాడు. ఆమె కూర్చోవడానికి జవాను ఒకడు బల్ల జరిపాడు. అది ఏడో పుస్తకం, ఆమె రెండుసార్లు చదివింది. కాకినాడలో ఒక కలప వ్యాపారి. రెండో పెళ్లాం, తమ్ముడు, పాత గుమాస్తా. ఒక సాయంత్రం నౌకరు గదిలోకి పోయేసరికి షావుకారు ఉయ్యాల బల్ల మీద చచ్చిపడి ఉన్నాడు. ఉయ్యాల ఇంకా ఊగుతోంది. అంటే ఖూనీ చేసినవాడు ఇప్పుడే, ఈ నిమిషమే ఇక్కడి నుంచి పోయి ఉండాలి. కానీ గదిలోంచి ఎవరూ బయటికి రాలేదు. ఇంట్లో వాళ్లందరూ ఆ సమయానికి పెరట్లో, పదిమంది కళ్ల ముందు ఉన్నారు.

ఆమె చదువుతూ పోయింది. తెలియని మాట వచ్చినచోట తన మాటలో చెప్పింది. అమీన్ సాబు జామకాయ పక్కన పెట్టాడు. జవాన్లు గడపలోకి చేరారు. లాకప్పులో ఉన్న మనిషి కూడా ఊచల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. డిటెక్టివ్ అందరినీ ఉయ్యాల గదిలోకి రమ్మన్నాడు. తలుపు వేశాడు. "ఖూనీ చేసిన మనిషి ఈ గదిలోనే ఉన్నాడు" అన్నాడు.

సక్కుబాయి పుస్తకం మూసింది.

"ముందుకు చదువు" అన్నాడు అమీన్ సాబు.

"పుస్తకాలు ఇస్తేనే."

"ఏయ్!" అని జవాను ఒకడు ముందుకు వచ్చాడు. అమీన్ సాబు చెయ్యెత్తి ఆపాడు.

"నాకు తెలుసు. రెండో పెళ్లాం."

"కాదు సాబ్."

"గుమాస్తా."

"గాయన గాదు."

"నౌకరు. వాడే ముందు పోయింది" అన్నాడు జవాను.

"గాడు సుత కాదు."

అమీన్ సాబు ఆమె మొహంలోకి చూశాడు. భయం కోసం వెతికాడేమో, దొరకలేదు. కాలు నొప్పికి పెదవి కొరుక్కుంటోంది, అంతే. సాయిలు వెనుక నుంచి "సక్కూ, ఊకో" అని కొంగు లాగుతున్నాడు.

"దీంట్ల సర్కారుకు ఎదురు మాట ఒక్కటన్న ఉన్నదా సాబ్? ఉంటె చెప్పుండ్రి" అంది ఆమె. "లేకుంటె నావి నాకియ్యిండ్రి. ఈ నెల నా కాలు కదల్దు. కండ్లు కదిలితే మీకేమొచ్చింది?"

ఆయన సంచి ఆమె వైపు తోశాడు. "తీస్కపో. జమావు మాత్రం..." అని ఆగి, ఆ మాట పూర్తి చెయ్యకుండా, "ఇగ చెప్పు" అన్నాడు.

"తమ్ముడు. పొద్దుగాలనే పాలల్ల విషం పోసిండు. ఉయ్యాలకు దారం కట్టి కిటికీల నుంచి పెరట్లకు తీసిండు. పదిమంది ముందర నిలబడి ముచ్చట పెట్టుకుంట, ఎనక చేత్తోని దారం గుంజిండు. ఉయ్యాల ఊగింది, దారం తెంపిండు. నాకు పుస్తకం చెప్పకముందే ఎరుకైంది సాబ్. మగ్గంల నాడె ఊరికెనే కదలదు, దారం ఎవడో గుంజాలె."

"శభాష్" అన్నాడు అమీన్ సాబు, పుస్తకాన్నో ఆమెనో తెలియకుండా.

సంచి చేతికి వచ్చాక ఆమె అక్కడే లెక్కపెట్టింది. ఏడే ఉన్నాయి. మిగతా నాలుగు మచ్చుకని మధ్యాహ్నపు టపాలో హైదరాబాదు శహరుకు పంపేశారట. పదోది వాటిలోనే ఉంది. తిరిగి రావడం తన చేతిలో లేదన్నాడు అమీన్ సాబు.

"ఎవల చేతుల ఉంటె వాళ్ల పేరు చెప్పుండ్రి, గాడికే పోత" అంది సక్కుబాయి. ఈసారి కిష్టమ్మ, సాయిలు చెరో రెక్క పట్టుకుని బండి ఎక్కించారు.

ఊళ్లోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో ఆడవాళ్లంతా ఎదురుచూస్తున్నారు. రామచంద్రం తన గడప మీద నిలబడి ఉన్నాడు. ఆమె బండి దిగకుండానే అడిగింది.

"గుమ్మి ఎనక సంచి ఉన్నదని పటేలుకు నువ్వే చెప్పినవు కదా బావా?"

ఆయన అబద్ధమాడలేదు. "చెప్పిన. నీ ఒక్కదాని పిచ్చికి ఎనిమిది ఇండ్లోళ్లను జైల్లేస్తరు. రోజులెట్లున్నయో నీకేమెరుక? పొరుగూళ్లల్ల ఏమైతున్నదో ఇన్లేదా?" అంటూనే వాకిలి బయటికి తొంగిచూశాడు. అది నిజమైన భయమేనని ఆమెకు కనబడింది.

"ఇన్న. భయమైతే నా ముందరికొచ్చి, సక్కూ, నాకు భయమైతుందే అనాలె. అంటే ఇంటుంటినేమో. ఎనక నుంచి దారం గుంజినవు. ఇగ నేనైతే ఇన."

మర్నాడు మధ్యాహ్నం ఆమె మంచం పంచలోంచి తీయించి వాకిట్లో, సరిగ్గా రామచంద్రం గడపకు ఎదురుగా వేయించుకుంది. గొంతు పెంచి మొదటి పుస్తకం మళ్లీ మొదలుపెట్టింది. ఆ రోజు ఇరవై నాలుగు మంది కూర్చున్నారు. రామచంద్రం తలుపు వేసుకున్నాడు. కాసేపటికి ఆ తలుపు వెనుక నుంచి ఆయన భార్య దగ్గు వినబడింది. గడపకు అంత దగ్గరగా కూర్చునే అవసరం ఆమెకు ఇంకేమీ లేదు.

బద్దలు విప్పాక కాలు కాస్త వంకరగా అతుక్కుంది. ఠాణా ప్రయాణం వల్లేనన్నాడు ముసలాయన. సక్కుబాయి బతికినన్నాళ్లూ కుంటింది, దానికి విచారించిన గుర్తు ఎవరికీ లేదు. నెల అయిపోయింది కదా, ఇక పుస్తకాలు మూసి రాట్నం పట్టమని సాయిలు అనబోయాడు. ఆడవాళ్లే ఒప్పుకోలేదు. ఆమె వంతు కండెలు తలా రెండు తాము చుట్టి ఇస్తామన్నారు, చదవడం మాత్రం ఆపొద్దన్నారు. ఏడు పుస్తకాలూ అట్టలు ఊడి, పేజీలు గంజితో అతికించుకునే దాకా చదివారు. రామచంద్రం ఏడాది పాటు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం కనబడినప్పుడల్లా "ఏం బావా, మంచిగున్నవా?" అని ఎదురుగానే పలకరించేది. కొంగు మళ్లీ తలుపు చాటుకు పోలేదు.

మరుసటి ఏడు సర్కారు మారింది. నలభై తొమ్మిదిలో, వానాకాలం ముందు, కొత్త సర్కారు తరఫున ఒక తెలుగు అధికారి ఊరికి వచ్చి చావడి ముందు కూర్చున్నాడు. ఎవరికేం కష్టాలున్నాయో చెప్పుకోమన్నాడు. జనం బావి అడిగారు, బడి అడిగారు, నూలు కోటా అడిగారు. వరసలో సక్కుబాయి వంతు వచ్చింది.

"మావి నాలుగు పుస్తకాలు రావాలె" అంది.

"ఏం పుస్తకాలమ్మా?"

"నలభై ఏడు కార్తీకంల జప్తు చేసి శహరుకు పంపిండ్రు. ఖూనీల పుస్తకాలు. ఒక దాంట్ల డిటెక్టివు నూతిల ఏడో మెట్టు మీదున్నడు. రెండేండ్లు కావొస్తున్నది."

చుట్టూ మగవాళ్లు నవ్వారు. అధికారి కూడా నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. "అది పాత సర్కారు పని కదండీ" అన్నాడు.

"సర్కారు మారితే జప్తు సుత మారాలె కదా? రాసుకోండ్రి."

ఆయన నోటుబుక్కులో ఏదో రాసుకుని తర్వాతి మనిషి వైపు తిరిగాడు. ఆమె కదల్లేదు. కుంటికాలు ముందుకు వేసి, బల్ల మీదికి వంగి, ఆయన రాసింది తలకిందులుగానే చదివింది.

"మూడని రాసినవు సారూ. నాలుగు. కొట్టేసి మళ్ల రాయి."

ఆయన కొట్టేసి నాలుగు అని రాశాడు. ఆమె అది కూడా చదివి, అప్పుడు పక్కకు జరిగింది.